నూట అరవై

చెన్నై బస్సు డ్రైవరు చేతికిచ్చిన అట్టపెట్టెలో
స్పాంజి మధ్య తాపీగా కూర్చుని
టంగుటూరు టోల్‌గేటు దాకా వచ్చింది.

మూత ఒకసారి ఊడదీసి మళ్ళీ పెట్టానని
ముందే చెప్పాడు అమ్మినతను.
కంపెనీ పూసిన ఎండు పేస్టు గీకేసి
పాదరసంలా జారే లోహం ఒక్క చుక్క పరిచాడట.
అంచున నల్ల జిగురు
ఆకు మీద సున్నం గీత అంత సన్నంగా ఉంది.

స్టిక్కరు మీద నీలం పెన్నుతో, డాక్టరు చీటీ రాతలో:
ఐదు పాయింట్ ఒకటి. వోల్టు ఒకటీ ఇరవై ఎనిమిది.
రాత్రంతా నిలబడింది.

ఆ చివరి మాటకే
నాలుగు వేలు ఎక్కువిచ్చాను.

నాది పెళ్ళి వీడియోల పని.
రోహిణి ఎండలకి పాత ప్రాసెసరు
సరిగ్గా మంగళసూత్రం దగ్గరికొచ్చేసరికి
తొంభై ఆరుకెక్కి చేతులెత్తేసేది.
పెళ్ళికొడుకు మూడో ముడి వెయ్యకుండానే
నీలం తెర.
కొండపి వాళ్ళు ఫోను మీద ఫోను.

ఖాజావలి బిగించబోతూ చెప్పాడు:
"ఒకే పలక మీద కోసినయ్యేనన్నా అన్నీ.
ఒకే కొలిమి, ఒకే పూట.
ఒకటి ఐదు దాటినా నవ్వుతా ఉంటది,
దాని పక్కది నాలుగున్నరకే ఆయాసపడుద్ది.
ఎందుకో చేసినోళ్ళకీ తెలవదు.
ఒక్కోదాన్నీ కాల్చి చూసి ఏరతారు."

ఏరతారు అన్న మాటకి
ఫోను రీఛార్జికొచ్చిన రామతులశమ్మ
గుమ్మంలోనే ఆగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు గ్రేడింగు బల్ల ముందు నిలబడ్డ మనిషి.
ఒకే చేను, ఒకే బ్యారను, ఒకే మంట నుంచి దిగిన పొగాకుని
బొటనవేలు ఈనె మీద ఒక్కసారి రాసి
ఇది నిమ్మపండు, ఇది నారింజ, ఇది పచ్చి, ఇది మాడు అని
నాలుగు పక్కలకి విసిరేది,
కబుర్లు చెబుతూనే.
ఆమె వేలి మాట మీద లారీలు కదిలేవి.
ఏ బేలు మీదా ఆమె చేతిరాత లేదు,
నీలం పెన్నుతో గానీ, బొగ్గుతో గానీ.

"ఇట్టా తే అబ్బయా."
ఖాజావలి గుండె ఆగినంత పనైంది:
"కింద ఆ బంగారు చుక్కలు తాకొద్దమ్మా!"
తాకలేదు.
అంచులు పట్టుకుంది, ఎండాకు పట్టినట్టే.
కాసేపు అటూ ఇటూ తిప్పి అడిగింది:
"మరి, ఏరంగా మిగిలినయ్యో?"

అమ్మినతన్ని నేనడగని ప్రశ్న అది.
ఎక్కడో ఎమ్మార్వో ఆఫీసులో
అడంగళ్ళు తీస్తుంటాయి కాబోలు, అన్నాను,
తమని ఎవరో పక్కన పెట్టారని తెలియకుండా.

"మాడాకు మమ్మల్నే పట్టకపొమ్మనేవోళ్ళు," అంది,
"చుట్ట చుడితే దాని రుచే వేరు."
రీఛార్జి సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది.

రాత్రి ఒక్కో మెట్టూ ఎక్కించాను.
నాలుగు ఎనిమిది. ఆగి చూశాను.
నాలుగు తొమ్మిది.
బ్యారను మంటా ఇంతేనట,
ఆమె పెనిమిటి మాలకొండయ్య
గంటకి రెండు డిగ్రీలకి మించి ఎగదోసేవాడు కాదట,
తొందరపడితే ఆకు లోలోపలే ఉడికిపోద్దని.
ఐదూ ఒకటి.
ఫ్యాను గొంతు మారలేదు.
పెళ్ళికొడుకు మూడో ముడి వేశాడు, అక్షింతలు పడ్డాయి,
కొండపి వాళ్ళ పెదనాన్న కెమెరాకి అడ్డమొచ్చాడు.
తెర మూలన డెబ్భై ఒకటి.

నిద్ర పట్టక ఆ అంకెని
పాత థర్మామీటరు కొలతలోకి మార్చి చూశాను.
నూట అరవై.
ఈనె ఎండే వేడి.
అది దాటితే ఆకు ఎర్రబడుద్దని
మాలకొండయ్య బ్యారను గోడ మీద గీసుకున్న గీత.

పొద్దున్నే చెబుదామని వెళితే
రామతులశమ్మ అప్పటికే ఆటో ఎక్కేసింది.
ఇప్పుడు రొయ్యల షెడ్డులో కౌంటు ఏరుతుంది,
ముప్ఫై, నలభై, యాభై,
ఐసు నీళ్ళలో,
బొటనవేలు మొద్దుబారేదాకా.