పదకొండో దూలం

మండిబజార్ల పాత పత్తి గోదాం.
కింద మిర్చి బస్తాలు, పైన స్కూటర్లు,
నడుమ టేకు పలకలు, నా కంటె పెద్దయి.
వెనక గల్లీ ఎత్తుల ఉంటది,
బండ్లు అటుకెళ్ళి సీదా పైకే వస్తయి.
నేను టోకెన్లు చింపేటోన్ని.

కౌసర్ బీకి కొత్త బేరం తగిలింది:
నాలుగు టాటా ఏస్‌లు, రాత్రిపూట పెట్టుకుంటరట.
"మోస్తదా?" అని నన్నడిగింది.
కాలుతోటి ఒక్కటి తన్ని చూసిన.
"ఏనుగు నడిచినా మోస్తది" అన్న.
నా మాట నమ్మలే. మంచిపని చేసింది.

పరకాల బస్సు దిగి కనకాచారి వచ్చిండు,
సంచిల సుత్తె, ఆరె, దారపుండ, టార్చి.
ముందుగాల బండ్లన్నీ బయట పెట్టించిండు.
ఖాళీ అయినంక
ఇంత పెద్దగుంటదా ఈ నేల అనిపించింది.

మీద నడువనే లేదు ఆయన. కిందికి పోయిండు.
మిర్చి ఘాటుకు తుమ్ముకుంట నిచ్చెనెక్కి
ఒక్కో దూలం కడుపుల కొట్టిండు.
టంగ్.
చెవి ఆనించి, "ఇది మాట్లాడుతున్నది" అన్నడు.
రెండోది. మూడోది.
పలకల సందుల్లకెళ్ళి టార్చి వెలుగు
నా కాళ్ళ కింద చేప లెక్క తిరిగింది.

పదకొండోదాని కాడ చప్పుడు మారింది,
మెత్తవడ్డ సొరకాయను తట్టినట్టు.
ఆరె గుచ్చిండు.
పదింటిల గోరంత కూడ దిగని ఆరె
గోడల దూరిన కొన కాడ
పిడిదాక పోయింది.

"దీని మీద ఏముంటది?" అని కేకేసిండు.

నా బకెట్టుంటది.
పొద్దుగాల నాలుగింటికి లేచి నేను బండ్లు కడిగే జాగ,
బండికి పది రూపాయలు.
పలకలు అద్దం లెక్క మెరిసేది అక్కడొక్కటే.
మిగిలిందంతా ఇంజనాయిలు కారి
మడ్డి, మచ్చలు, చెప్పు అంటుకునే నలుపు.
"ఆ మడ్డి కిందియన్ని మంచిగున్నయి" అన్నడు,
"నువ్వు సాఫు చేసిందే చచ్చింది."

ఏడేండ్లు. రోజుకు పన్నెండు బకెట్లు.
లెక్క కట్టబోయి ఊకున్న.

ఆ గోడకూ ఈ గోడకూ దారం గుంజి
నడిమిట్ల సందు ఏలుతోటి కొలిచిండు.
హమాలీ రాజమొగిలి జట్టు వడ్ల బస్తాలు తెచ్చి
అయిదు, ఆరు దూలాల మీద పేర్చిన్రు, ఇరవై నాలుగు.
తెల్లారేదాక ఉండాలె అన్నడు.
గల్లీల గోనెసంచుల మీద పండుకున్నం,
ఎక్కడ కిర్రుమన్నా నేను లేచి కూసున్న,
ఆయన గురక వెట్టిండు.

పొద్దున సందు రెండేళ్ళయింది.
బస్తాలు దించినంక మళ్ళ ఒక్క ఏలే.
"వంగుడు తప్పు గాదు,
బరువు దించినంక లేస్తదా అన్నదే లెక్క."

సుద్దముక్కతోటి నేల మీద గీతలు గీసిండు.
ఏస్‌లు వద్దు. స్కూటర్లు అరవై, గోడలెంబడి.
పదకొండోది మార్చేదాక
దాని మీద పిల్లి గూడ పండొద్దు.

"గట్టిగున్నదని రాసిస్తవా?" అన్నది కౌసర్ బీ.
"ఇయ్యాళ గట్టిగున్నదని రాసిస్త.
తారీఖెయ్యి. వానలు పోయినంక మళ్ళ పిలువు."

ఏస్‌లాయనకు ఆమెనే ఫోన్ చేసి చెప్పింది,
చెప్పినంక చానాసేపు ఎవ్వలతోటి మాట్లాడలే.

బకెట్టిప్పుడు గల్లీల ఉంటది, బండరాయి మీద.
రష్ ఉన్ననాడు కొత్తోళ్ళు అడుగుతరు:
గంత జాగ ఖాళీ పెట్టుకొని
బండి అక్కడెందుకు పెట్టనియ్యవు?
చెక్క పాడయిందని చెప్పొచ్చు.
నేను కడిగిన జాగ, అంట.
వాళ్ళకు అర్థం గాదు. టోకెన్ చింపి ఇస్త.