తెలుపు మీద తెలుపు

పొందూరు ఖద్దరని వెతికితే
మా సైటు ఆరో పేజీలో,
ఎవరూ దిగని రేవులో.

డే అండ్ నైట్ జంక్షన్ కుర్రాడన్నాడు:
"తెల్ల తెర మీద తెల్లక్షరాలు కుక్కేద్దాం సార్,
మనిషికి కనబడవు, యంత్రం చదివేసుకుంటుంది."

వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న అసిరమ్మ
తలెత్తలేదు.
"తెలుపులో దాసిన నలక
ఏలుకి తెలీదేటి బాబూ?"

ఆ రాత్రి ఆమె మాటే ఎక్కించాను, నల్లగా:
తొలి ఉతుకులో బెత్తెడు ముడుసుకుంటాది.
నీడన ఆరెయ్యండి.
తొందరున్నోళ్ళు మిల్లు గుడ్డ కొనుక్కోండి.

ఏడు నెలలు.
నిన్నటికి రెండో పేజీ, అట్టడుగున.
ఖమ్మం నుంచి ఎవరో అడిగారు:
బెత్తెడంటే
ఎవరి చేత్తో?

అసిరమ్మ చెయ్యి
ఫొటో తీస్తున్నాను.
దూది అంటుకునే ఉంది,
తుడవొద్దన్నాను.