పదిహేను రోజులకు

మా షాపులో మూడో సొరుగుకి తాళం లేదు.
అందులో ఉండేవి గేస్ మాత్రలు.
పేరు కూడా అడగరు ఎవరూ,
గుండెకీ బొడ్డుకీ మధ్య చెయ్యి పెట్టి చూపిస్తారు,
నేను చింపి ఇచ్చేస్తాను.

పొందూరు మెయిన్ రోడ్డు. సంతరోజు.
అసిరితల్లి మెట్టెక్కలేక కిందే నిలబడి
"బాబూ, తెల్లారగట్ల మాత్ర ఓ అట్ట" అంటుంది.
పదకొండేళ్ళుగా అంటోంది.
పదకొండేళ్ళుగా నేను వినలేదు, ఇచ్చేను.

ఆమెది కీళ్ళవాతం.
ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరిచే రకం.
ఒంటికి కాపలా కాయాల్సింది
వేలి కణుపుల మీదే పడి పీకుతుంది.
కుక్కని కట్టెయ్యడానికి బుధవారం మాత్ర,
అరుపు వినబడకుండా నొప్పి మాత్ర,
అవి కడుపుని కాల్చకుండా
పరగడుపున ఈ చిన్నది, పసుపుపచ్చది.
కాచింది కూడాను. ఆ మాట దాచను.
నెత్తురు కక్కుకున్న మనిషి
మళ్ళీ చింతపులుసన్నం తిన్నది దాని చలవే.

మొన్న నా అప్పుల పుస్తకంలో ఆమె పేజీలు తిరగేసేను.
నొప్పి మాత్ర రెండో ఏడు మానిపించేరు.
స్టెరాయిడు తగ్గి, పెరిగి, తగ్గి, ఆగింది.
బుధవారం మాత్ర డోసు మూడుసార్లు మారింది.
ఇది మాత్రం నెలనెలా అదే గీత, అదే అంకె.
దొంగలు పోయాక కూడా
కాపలావాడు అరుగుమీదే పడుకున్నాడు,
మేం అన్నం పెడుతూనే ఉన్నాం.

ఆమె నూలు వడుకుతుంది.
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వి
వందో నంబరు పోగు.
కంటికి ఆనదు, వేలికే తెలుస్తాది, అనేది.
వేళ్ళు వాచినా వడికింది, వంకరపోయినా వడికింది.
పోయినేడు వచ్చి చెప్పింది:
"పోగు తెగిపోతంది బాబూ, తెగినట్టు తెలవట్లేదు.
ఒట్టి రాట్నం తిప్పుకుంటా కూకున్నాను,
మా ఆడపడుచు నవ్వితే గానీ తెలవనేదు."

వాతం ముదిరిందమ్మా, అన్నాను.
పిక్కలు పట్టేస్తే వాతం,
అరికాళ్ళు మొద్దుబారితే వాతం,
బిందె ఎత్తబోయి మణికట్టు పుటుక్కుమంటే
అదీ వాతమే.
పాత జబ్బున్నవాళ్ళకి
కొత్తదేదొచ్చినా పాతదాని ఖాతాలోనే రాస్తాం.

శ్రీకాకుళంలో ఓ కుర్ర డాక్టరమ్మ
కళ్ళు మూసుకోమని
ఆమె వేలికొసన దూది రాసిందట.
తగిలితే చెప్పమంది.
పుట్టిన కాణ్ణించి దూదితోనే బతికిన మనిషి
"రాయండమ్మా, ఇంకా రాయనేదు కదా" అందట.

నెత్తుట్లో బి-ట్వెల్వ్ అడుగంటింది. మెగ్నీషియమూ అంతే.
తిండిలోని సత్తువ కొంత
కడుపులో పులుపుంటేనే విడివడుతుంది,
పులుపు చచ్చిన కడుపులోంచి
వచ్చినది వచ్చినట్టే పోయింది ఇన్నేళ్ళూ.
"అంతా ఈ మాత్రే అనను, ఇదీ ఒకటి" అందట డాక్టరమ్మ.
అని, మొదటి చీటీ ఉందా అని అడిగింది.

ఉంది. ట్రంకుపెట్టెలో, ఏకుల కింద.
పరగడుపున ఒకటి.
పదిహేను రోజులకు.

ఆ చీటీ మొదట చేతికందుకున్నది నేనే.
నాకు చదవడం వచ్చు.

ఒక్కసారి మానకూడదట. రోజు విడిచి రోజు, తర్వాత రెండు.
మొదటివారం గొంతుదాకా నిప్పు లేచింది.
"ఏకై వచ్చినాది బాబూ, మేకై కూకుంది" అని
మా మెట్టుమీదే చతికిలబడి
సీసాలో చల్లటి చోడంబలి తాగింది.
సూది నేనే వేస్తున్నాను, వారానికొకటి.
నొప్పెట్టిందా, అంటే
"పెట్టినాది" అంటుంది, సంబరంగా.
నన్నొక్క మాట అనలేదు.
అని ఉంటే బాగుండేది.

నిన్న ఆమదాలవలస వేపునుంచి ఎవరో కుర్రాడు
బండి దిగకుండానే
గుండెకీ బొడ్డుకీ మధ్య చెయ్యి పెట్టేడు.
ఎన్నాళ్ళనుంచి వాడుతున్నావని అడుగుదామని
నోరు తెరిచేసరికి
నా చెయ్యి అప్పటికే
మూడో సొరుగులో ఉంది.