పదహారో రోజు

నవంబరు పదకొండు. పోర్తోలో వాన.
గ్రసియేత్ దుకాణం వెనకగదిలో
రశీదుల అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాను.
మూడు నెలలకోసారి ఆమె లెక్కలు నావి:
మట్టికి ఇంత, మెరుగుకి ఇంత, బట్టీ కరెంటుకి ఇంత.
వాటి మధ్య, పిలవని చుట్టంలా,
రెండు వందల అరవై మూడు యూరోలు.

"ఇదేమిటి?"
నీలిరంగు చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చింది.
"పలకల మీద పువ్వులు గీసే సాఫ్ట్‌వేర్.
తెర మీది నీలం అబద్ధమాడుతోందని
వేసవిలోనే మానేశానుగా!"

మానెయ్యడం వేరు, రద్దు చెయ్యడం వేరు.
తలుపు దగ్గరికి వేసినంత మాత్రాన అద్దె ఆగుతుందా?
నెలకి ఇరవై రెండే అన్నారట అప్పట్లో.
నిజమే, కానీ ఏడాదిదంతా ఒక్క ముద్దగా,
ఏటా అదే తిథికి.
కొనితెచ్చుకున్న తద్దినం.

మెయిలు వెతికాం. చెత్తబుట్టలో దొరికింది,
నెల్లాళ్ళ కిందటిది:
"మీ ప్లాన్ దానంతటదే కొనసాగుతుంది.
మీరేమీ చెయ్యనక్కర్లేదు."
ఇంత మర్యాదగా జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి
నేనెక్కడా చూడలేదు.

"నా కార్డు గడువు మార్చిలోనే తీరిందే!
కొత్త నంబరు వీళ్ళకి ఎవరిచ్చారు?"
బ్యాంకే ఇచ్చింది.
పాత నంబరు పోతే కొత్తది
వారసుడిలా వెళ్ళి నిలబడుతుంది, బాకీ తీర్చడానికి.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడక్కుండానే పట్టుకుపోయేవాళ్ళ మీద
సామెత ఇంకా పుట్టలేదు.

సరే, రద్దు చేద్దాం.
ఖాతా. ప్లాన్లు. ప్లాన్ నిర్వహణ.
పెద్ద నీలం బొత్తాం: ఉండిపోతాను.
దాని కింద బూడిదరంగులో, చీమంత: ముందుకు.
ఎందుకు వెళ్ళిపోతున్నారు?
ధర ఎక్కువా? వాడటం లేదా? ఇతరాలా?
ఇతరాలు నొక్కి ఆమె రాయడం మొదలుపెట్టింది.
రెండు వందల అక్షరాల దగ్గర పెట్టె ఆగిపోయింది,
ఆమె ఆగలేదు,
మిగతాది నాకు చెప్పింది.

రెండు నెలలు ఉచితమన్నారు.
కాదంటే, నలభై శాతం తగ్గింపు.
తొమ్మిదేళ్ళు కిక్కురుమనకుండా కట్టినప్పుడు
ఎక్కడుందో ఈ తగ్గింపు!

చివరికి: రద్దయింది. వచ్చే అక్టోబరు ఇరవై అయిదు దాకా
నిశ్చింతగా వాడుకోండి.
మరి డబ్బు?
పద్నాలుగు రోజుల్లోపు అడగాలి.
ఇవాళ పదహారోది.

చాట్‌లో ఒకమ్మాయి దొరికింది,
ఓర్షోయా, బుడాపెస్ట్ నుంచి.
"మీ ఇబ్బంది అర్థమైంది" అని నాలుగుసార్లు రాసింది.
చుక్కలు మూడూ చాలాసేపు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత:
"మా అమ్మకీ ఇలాగే అయింది. నా చేతిలో లేదు.
ఒక్క మాట. గడువు తీరాక మీ ఫైళ్ళు తెరుచుకోవు.
ఈలోగా బయటికి తీసుకోండి."

డబ్బు పోయినప్పుడు మారని ముఖం
అప్పుడు మారింది.
జాలరుల సంఘం గోడ, మూలమీది రొట్టెల కొట్టు,
చెల్లెలి సమాధి మీది లిల్లీలు,
వెయ్యిన్నూట పన్నెండు ఫైళ్ళు,
మూడు వందల నలభై తొమ్మిది రోజులు.
రోజుకి మూడు చాలవు, నాలుగు, అంది వేళ్ళు మడిచి.

ఆ ఏడంతా ఆమె ఆ సాఫ్ట్‌వేర్‌ని
ముందెన్నడూ వాడనంతగా వాడింది.
ఒక్కో పువ్వునీ కాగితం మీదికి దింపి,
గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి,
బొగ్గుపొడి మూటతో తట్టి చూసుకుంది.
పలక మీద నల్లచుక్కలు దిగితే సరి.

అక్టోబరు ఆఖర్న వెళ్ళాను.
అటక నిండా కాగితపు చుట్టలు.
"వీటికి గడువు లేదా?" అన్నాను.
"ఎందుకు లేదు? ఎలుకలున్నాయి."
"మరి?"
గుమ్మంలో పిల్లిని చూపించింది.
దానికి రోజుకో చేపతల.

పుస్తకం తెరిచి కూర్చున్నాను,
ఏ పద్దులో రాయాలో తోచక.