చేతి ఎత్తు

ఫర్నిచర్ డిజైన్, పీజీ, రెండో ఏడు.
లాప్‌టాప్‌లో పద్దెనిమిది కుర్చీలు గీసి
ఒక్కటి నిలబెట్టడానికి కవిటి వచ్చాను.

తుపానుకి కూలిన పనస
అప్పట్నుంచీ షెడ్డులో ఆరుతోంది.
మొదటి పలక కోయగానే పసుపు,
లోపల ఇంకా ఎండాకాలం పండుతున్నట్టు.

లోకనాథాచారి నా డ్రాయింగుని
చిత్రిక పొట్టులా వేలికి చుట్టి, విప్పాడు.
"చెయ్యానించే కాడ ఎత్తెంత?"
చెప్పాను. పుస్తకంలో ఉన్నదే.
"ఎవులి చెయ్యి కొలిసినారమ్మా?"

ఆ అంకె ఎవరిదో నాకూ తెలీదు.

ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
మోచేతి దగ్గర తాడులా ఉబ్బిన నరం.
"ముట్టుకో."
చర్మం కింద, ఎక్కడో దూరంగా
రంపపు మిల్లు ఆడుతోంది.

మంగళవారం, శుక్రవారం సోంపేట. నాలుగేసి గంటలు.
"అక్కడ కుర్సీ ఇనప రేకు.
కదిల్తే సూది కదుల్తాది."

ఆ చేత్తో బరువెత్తకూడదట.
చిత్రిక మీద ఆయన కుడిచెయ్యి, వెనక తోపు నాది.
కుసి బెజ్జంలో దిగక మూడుసార్లు చెడింది.
నాలుగోసారి
సుత్తి అడగలేదు.

గురువారం సాయంత్రం
చెవిమీద పెన్సిలు తియ్యకుండానే కూర్చున్నాడు.
"ఇంకో అరంగుళం దించు" అన్నాడు,
కళ్ళు మూసుకునే.

నెలాఖరుకి జ్యూరీ.
థీసిస్ చివర 'కొలతలకు ఆధారం' అని ఒక గడి.
ఆయన పేరు రాశాను.
పక్క గడిలో ప్రచురణ సంవత్సరం అడిగారు.
తుపాను ఏడు వేశాను.