నా చేతిలోంచి

హసావీలో శుక్రవారం పూట
రాయచోటి మెస్సులో సంగటి ఉడికే వేళకి
మళ్ళీ ఆ కేసే.
పదకొండేళ్ళయింది.
కెలికే తెడ్డు మారింది, మెస్సు ఓనరు మారినాడు,
మాట మాత్రం అదే:
"మనోడు అమాయకుడప్పా."
నేను గోడవార కూచుని
ఎర్రగడ్డలు తరుగుతా వింటాను.

ఫర్వానియాలో టైపింగు సెంటరు నాది.
నాది కాదు, కఫీలుది. కుర్చీ నాది.
తెలుగొచ్చినోడు కావాలని ఆ రోజు
కోర్టుకి నన్ను పిలుచుకుని పోయినారు.
డ్రైవరు పెంచలయ్య బోనులో నిలబడి
ఒకే ఒక్క మాట చెప్పినాడు:
"నా చేతిలోంచి పడింది సార్."

నేను ఉర్దూలో చెప్పినాను.
ఒక మిస్రీ ఆయన దాన్ని అరబ్బీ చేసినాడు.
కాగితం మీద కుడి నుంచి ఎడమకి
నడుచుకుంటా పోయింది ఆ చెయ్యి.
అవతలి అంచుకి చేరేసరికి
అది పట్టుకున్న చెయ్యో
వదిలేసిన చెయ్యో
జడ్జీకి తెలీలేదు.
నాకు మాత్రం తెలుసా?

మెస్సులో వాళ్ళకి తెలుసు.
దుప్పట్లు ముడేసుకుని మూడో అంతస్తు నుంచి
దిగబోయిన మనిషిని
పెంచలయ్య మణికట్టు పట్టి పైకి లాగినాడంట.
చెప్పేవాడి బలాన్ని బట్టి
ఒకసారి అర నిమిషం లాగుతాడు
ఒకసారి పావుగంట.
ఈ ఏడు సంఘంవాళ్ళు క్యాలెండరు వేస్తున్నారు.
జులై నెల మీద ఆయన ఫోటో,
కింద బంగారు రంగులో "నిర్దోషి".
అక్షరాలు కొట్టే పని నాకే ఇచ్చినారు.

మాలియా బస్టాండు పక్కన ఇంకో కథ.
సెలవు దొరికిన హబ్షీ ఆడోళ్ళు
తెల్లటి పలచని బట్ట తలమీద కప్పుకుని
ఫోన్లో ఒక ముఖం చుట్టూ మూగుతారు.
అక్కడా అదే వాక్యం: అతని చేతిలోంచి.
రెండు కథలకీ సాక్షిని నేనే.
వాళ్ళ కథలో పెంచలయ్యకి పేరు లేదు,
"హిందీ", అంతే.
మా కథలో ఆమెకి పేరు లేదు,
"నల్లపిల్ల", అంతే.
"ఆ నల్లోళ్ళంతా అంతేలేప్పా" అంటాడొకడు
సంగటి ముద్దకి గుంత చేసుకుంటా.
బాబా కొడుకు తనని ఏమని పిలుస్తాడో
నిన్న రాత్రే చెప్పుకుని ఏడ్చినోడు.

ఇంక, సాల్మియాలో ఆ ఇల్లు.
పిట్టగోడ రెండడుగులు లేపి రంగేసినారు.
వాళ్ళకి ఏ కథా అక్కర్లేదు,
పనోళ్ళూ పనోళ్ళూ కొట్టుకున్నారు.
వంటింటి తలుపుకి గొళ్ళెం
బయటవైపు ఎందుకుందో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
అడగడం దుబాసీ పని కాదనుకున్నాను.

జైలుకి ఒకసారి పోయినాను.
పెంచలయ్య కేసు మాటే ఎత్తలేదు.
కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని
ఎవరో వదిలిపోయిన బిడ్డని చూసినట్టు
దాన్నే చూసుకుంటా కూచున్నాడు.
బయటికొచ్చేటప్పుడు అడిగినాడు:
"ఆ పిల్ల పేరేందన్నా?"
తెలీదన్నాను.
కాగితాల్లో ఉండింది. నేనే చదివినాను. గుర్తు లేదు.

పోయిన నెల అకామా ఫారం నింపించుకోను
వర్కినేష్ అనే ఒకామె వచ్చింది.
నన్ను గుర్తుపట్టింది.
తిడుతుందనుకున్నాను.
నా తప్పుల అరబ్బీకి తన తప్పుల అరబ్బీ కలిపి
పేరు మాత్రం చెప్పింది: జెనెబెచ్.
అర్థం అడిగితే
బల్లమీద వేళ్ళు టపటపా ఆడించింది,
పైకి చూపించింది.

వాన పడింది.

ఆమె పేరే అది.
అమ్మ పెట్టిన పేరు.
ఫారం నింపేదాకా నా కీబోర్డు మీద
ఒక్క అక్షరం తిన్నగా పడలేదు.

ఆ రాత్రి క్యాలెండరు తెరిచినాను.
"నిర్దోషి" అని కొట్టినాను, చెరిపినాను,
మళ్ళీ కొట్టినాను, ఉంచినాను.
కింద, ఆ తారీఖు గడిలో
అమావాస్యా ఏకాదశీ రాసేంత చిన్న అక్షరాల్లో
"వాన పడింది" అని పెట్టినాను.

సంఘం సెక్రెటరీ ఓబులేసు ఫోన్ చేసినాడు.
"జులైలో కువైట్లో వానేందప్పా?
తప్పు పడింది చూడు."
ప్రూఫు ఎర్రగీతతో వెనక్కి వచ్చింది.
ఇంకా నా బల్లమీదే ఉంది.