రెండు ముడుల దారం

జర ఆగు అంకూస్,
ఇనుమును అట్ల తోసుడు కాదు.
మీ అమ్మ నీకు అంకుశమని పేరు పెట్టింది,
ఆ పేరు దొడ్డి బయట ఇడ్సిరా.
బొటనవేలు పెదవి మూలకు పెట్టు.
భయపడకు, ఆడ పళ్లుండయ్.
ముందటి పళ్లకు, దవడ పళ్లకు నడుమ
ఖాళీ జాగ. ఒట్టి చిగురు, దానికింద ఎముక.
గా జాగ మీదనే
ఇన్నేండ్ల సంది మనుషులు దునియాను తోలిన్రు.

పేపరోళ్లు రోజూ రాస్తరు:
ధరలకు కళ్లెం, దూకుడుకు కళ్లెం.
రాసినోడు ఒక్కపారన్న
నోట్లె పెట్టుకొని సూసిండా?
నేను సూసిన.
పదకొండేండ్లప్పుడు, చలికాలం పొద్దుగాల,
జట్కా కట్టకముందు
తాత నమాజుకు పోయిన సందుల.
పాత పైస రుచి.
దవడంత జివ్వుమని గుంజింది.
గందుకే చెప్తున్న, చలిదినాల్ల
ముందు నీ చంకల పెట్టుకో.
వెచ్చవడ్డంకనే దానికియ్యి.

సుక్కిని కొన్ననాడు
అమ్మినోడు కొసరు ఇచ్చిండు, ముండ్ల కళ్లెం.
"దీనికి గిదైతెనే సమజైతది అక్కా" అన్నడు.
ఇంటికొచ్చి ఫోన్ లైటు ఏసి నోరు సూస్తే
నాలిక పక్కన తెల్లటి గీతలు,
బడిపిల్లలు గీకిన పలక లెక్క.
అర్థమైందంటే గిదేనా?

దారం తీస్కొని
ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచిన,
రెండు ముడులేసిన.
దారం జాకెట్ల పెట్టుకొని
కరీమాబాద్ నుంచి మండిబజార్ దాక నడిచిన.
ఇత్తడిది తీస్కో, ఫోటోలల్ల మెరుస్తది అన్నడు షాపాయన.
ఫోటో నోటి లోపలికెళ్లి తియ్యరుగద అన్న.
సన్నటిది వద్దన్న, కోస్తది.
మరీ లావుది వద్దన్న,
దానిది చిన్న నోరు, నాలిక యాడ పెట్టుకోవాలె?
ముడుల కంటె అటు బియ్యపుగింజంత,
ఇటు బియ్యపుగింజంత ఎక్కువుండాలె.
నడిమి కీలు మీద గోరు తిప్పిన,
జర తట్టుకున్నా పక్కకు పెట్టిన.
ఏడోది సూసేటప్పటికి
ఆయనే చాయ్ తెప్పించిండు.

ఇగ ఇటు సూడు.
మూలకు ముడత ఒక్కటి పడాలె,
నవ్వబోయి ఆగినట్టు.
మూడు నాలుగు పడ్డయా, బిగుతు.
వదులుంటే పళ్లకు టక్కుటక్కు కొడ్తది.
ముక్కుపట్టీ కింద రెండేళ్లు దూరాలె.
నీయి కాదు, నీయి అగ్గిపుల్లలు. నాయి.

మొన్న రంగశాయిపేట బారాత్‌ల
డీజే పెట్టెల ముంగట
పెండ్లికొడుకు దోస్తు పగ్గం గుంజిండు,
గుర్రం ఎగరాలెనట, వీడియోకు.
సుక్కి ఎగరలే.
నోరు తెరిచింది.
దాని అరుపు గంతే.
ఆ సప్పుడుల ఎవలికి ఇనవడ్తది?
పగ్గం వాని చేతులకెళ్లి గుంజుకున్న,
పెండ్లికొడుకును దించిన, నడిబజార్ల.
"యాకూబీ, జర నోటికి కళ్లెం ఏసుకో"
అన్నడొక పెద్దమనిషి.
ఏ సైజుది కాకా? అన్న.
సగం పైసలే ఇచ్చిన్రు.
ఆ నెల తవుడు ఉద్దెర తెచ్చిన.

తీసేటప్పుడు గుంజకు.
పట్టీ వదిలి, అదే ఇడ్సిపెట్టేదాక ఆగు.
ఆన్నే కడుగు, రేపటిదాక ఉంచకు.
నురుగు, గడ్డిపోగు కలిసి ఎండితే
గరుకు కాయిదమైతది.
సబ్బు తోలుకే. ఇనుముకు ఒట్టి నీళ్లు చాలు,
తుడువు నీ అంగితోనన్న.

ముండ్లదా?
అగో, దొడ్డి తలుపు గాలికి కొట్టుకోకుండ
కొక్కేనికి తగిలించిన.
పాత సామాన్లోళ్లు ఇద్దరు అడిగిన్రు,
గోడకు అలంకారమట.
గోడకే పెడ్తరని ఎట్ల నమ్మాలె?

ఆ, తెరిచింది.
సూసినవా, అడిగితే తెరుస్తది.
ఇగ మెల్లగ, పళ్లకు తాకనియ్యకు.
పట్టీ పైకెళ్లి తియ్యి...
చెవి, చెవి పైలం.